పైవాళ్ళ మంచు

రేబందాన్ నెల, శనివారం

తప్పు, గులబాఖ్. మా మిద్దె దూలాలు పచ్చి కర్రవి కావు. ఈ ఉదయం రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళందరి ముందూ నువ్వన్న మాట అది. మామోస్తా మొగుడు, అంటే పంతులమ్మనైన నా మొగుడు, తొందరపడి పచ్చి కర్ర ఎక్కించాడనీ, అందుకే మంచు పడితే చాలు ఆ ఇల్లు మూలుగుతుందనీ. నాతో అనలేదు. నా పక్కనున్నావిడతో అన్నావు, నాకు వినపడేంత గట్టిగా. కోళ్ళ గూడు తగువైన నాటి నుంచీ మనం మాట్లాడుకునే పద్ధతి అదే కదా. ఆ దూలాలు మల్బరీవి. ఆకు రాలాక కొట్టించి, వేసవంతా నీడన ఆరబెట్టి ఎక్కించినవి. మూలిగేవి అవి కావు. మా మిద్దె అంచున, సరిగ్గా నా తలగడ మీదకి వచ్చేలా నువ్వు కట్టుకున్న గూడు కింద పడుకుని మూలిగేది నేను.

ఈ జవాబు నీ మొహం మీదే చెప్పొచ్చు. కానీ ఈ పుస్తకానికి చెప్పుకోవడం సుఖం. ఎదురు చెప్పదు.

మధ్యాహ్నం నుంచి మంచు. ఈ నెల పేరుకి అర్థమే దారి మూసేది అని. మన పెద్దలు పేర్లు పెట్టడంలో మొహమాటపడలేదు.

వచ్చే గురువారం నా మనవరాలు హనార్‌కి పట్నంలో ఇంటర్వ్యూ. మా అబ్బాయి సీర్వాన్ కూతురు టీచరవుతుందంటే నువ్వు పెదవి విరిచావని విన్నాను. విరుచుకో. నేను రిటైరయ్యాక మన బడికి వచ్చిన ప్రతి పంతులూ మంచు పడగానే కొండ దిగాడు, మంచు కరిగాక దారి మరిచిపోయాడు. ఈసారి కూడా ఎవరూ కుదరకపోతే బడి ఎత్తేస్తారట, పిల్లల్ని పట్నంలో హాస్టల్లో వేస్తారట. రాత్రి దుప్పటి కప్పుకోవడం కూడా రాని పిల్లలు. హనార్‌ని పిలిచిన రోజు గురువారమే, మరో రోజు ఇవ్వరు. మంచు పడింది, రాలేకపోయాం అని చెప్పే వీలు లేదు. పాత పంతుళ్ళు చెప్పిందీ అదే మాట.

గురువారానికి ఇంకా వ్యవధి ఉంది. నాకేం కంగారు లేదు.

ఆదివారం

కురుస్తూనే ఉంది. నాకేం కంగారు లేదు.

సోమవారం

ఊరు మెట్లు మెట్లుగా కట్టుకున్నందుకు ఏటా ఈ అనుభవం తప్పదు. ఒకరి మిద్దె ఇంకొకరి వాకిలి. పై వరుస వాళ్ళు తమ వాకిట్లో మంచు మన మీదకి తోస్తారు, మనం కింది వరుస మీదకి తోస్తాం, వాళ్ళు వాళ్ళ కిందికి. ఆఖరికి అంతా వెళ్ళి రోడ్డు మలుపులో పడుతుంది. రోడ్డుకి నోరు లేదు కాబట్టి తగువు అక్కడితో ఆగుతుంది. ఇందులో ఉన్న న్యాయం ఒక్కటే. పైవాళ్ళు మొదలుపెట్టాలి, కిందివాళ్ళు కాచుకోవాలి.

పొద్దున్నే పైవాళ్ళు తమ మంచునంతా నీ వాకిట్లో పోసి పార కడిగేసుకున్నారు. నువ్వు పార ముట్టలేదు. నేను కాచుకున్నాను. నా కింది వాళ్ళు పారలు పట్టుకుని నిలబడి నా వంక చూశారు. నేను పైకి చూశాను. నా పడక మీద దూలం ఒకసారి పలికింది, టీ గ్లాసులో మట్టి రాలింది. ఇక కాచుకోలేదు.

మెట్లెక్కి వచ్చాను. గట్టు దగ్గర నిలబడి "ఇంటివాళ్ళూ" అని పిలిచి, పలికాకే అడుగు పెట్టాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. పిలవలేదు. ఎందుకంటే నేను వచ్చింది నీ వాకిట్లోకి కాదు, నా మిద్దె మీదకి. గూడు పోగా నా పరుపంత మేర, నా పరుపు పైన, శుభ్రంగా తీసి, ఎవరి వంకా చూడకుండా దిగిపోయాను.

కుంపటి పెట్టిన కొర్సీ బల్ల దుప్పటి కింద కాళ్ళు పెట్టానో లేదో పైన చప్పుడు. ధబ్బు, ధబ్బు. సీర్వాన్ వెళ్ళి చూసి వచ్చి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. నేను తీసిన చోటే, తీసినంత మేరా, మళ్ళీ నింపావట. పార వెనకవైపుతో తట్టి చదును కూడా చేశావట. పనిమంతురాలివి కాదని ఎవరన్నారు.

సాయంత్రం మసీదు మామోస్తా వచ్చాడు. ఈ ఊళ్ళో మామోస్తాలం ఇద్దరమే, నమాజు చెప్పించే ఆయన, ఎక్కాలు చెప్పించిన నేను. ఇద్దరి మాటా ఎవరూ వినరు. ఆయన చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగుతూ, మిద్దె కింద పడుకునేవాళ్ళది, వాకిలి ఊడ్చుకునేవాళ్ళది, మంచు దేవుడిది అన్నాడు. అయితే తీయడానికి కూడా ఆయన్నే రమ్మనండి అన్నాను. ఆయన నీ దగ్గరికి వెళ్ళాడు. నువ్వేమన్నావో చెప్పలేదు గానీ వెళ్ళేటప్పుడు మెట్ల మీద కాసేపు ఒంటరిగా నిలబడి గడ్డం నిమురుకున్నాడు.

ఆ తర్వాత నీ కొడుకు లుక్మాన్ నీ వాకిలంతా ఎత్తి పోశాడు. నువ్వు లోపల కళ్ళు మూసుకుని తస్‌బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నావట. తల్లికి తెలియకుండా తల్లి వాకిలి ఊడ్చిన కొడుకుని ఈ ఊళ్ళోనే చూస్తాం.

మంగళవారం

మంచు తోసే బండి నడిపే ఫాయక్ సీర్వాన్‌కి ఫోన్ చేశాడు. రేపు మధ్యాహ్నానికి కనుమ దాటి మన మలుపు దాకా వస్తాడట. ఒక షరతు మీద. కిందటేడు అతను మలుపు తోసి, మా ఇంట్లోనే టీ తాగుతుండగా, పై నుంచి వరుసగా అందరూ తమ మంచు తోసేశారు. అతని బండే ఆ మంచు కింద పడి ఉంది. తవ్వి తీసేసరికి మర్నాడైంది. ఈసారి బండి తిప్పుకునే చోటు మనమే తవ్వి ఉంచాలి. అతను వచ్చేటప్పటికి పై నుంచి ఒక్క పార మంచు రోడ్డు మీదకి రాకూడదు. వస్తున్నట్టు కనిపిస్తే కనుమ దగ్గర్నుంచే వెనక్కి.

అతను రాకపోతే కనుమ తెరుచుకోదు. కనుమ తెరుచుకోకపోతే గురువారం లేదు.

మా ఇంట్లో అందరూ కూర్చున్నారు. సీర్వాన్, మసీదు మామోస్తా, నీ లుక్మాన్. కింది వరుసలవి కొత్త ఇళ్ళు, ఇనుప దూలాలు. కొన్నాళ్ళు మంచు మోస్తాయి. పై వరుసలవి మట్టి మిద్దెలు, ఒక్క పూట ఆగవు. ఆకాశం చూస్తే ఇంకా దించేలా ఉంది. పైవాళ్ళ మంచు రోడ్డు మీదకి రాకూడదంటే ఎక్కడికి పోవాలి అని మగవాళ్ళు చాలాసేపు ఒకే ప్రశ్నని రకరకాలుగా ఒకరినొకరు అడిగారు.

హనార్ దుప్పటి మీద అక్రోటు కాయలు వరుసలుగా పేర్చింది. పై వరుసలు, మన వరుస, కింది వరుసలు. పక్కన ఒక గుడ్డ మడత పెట్టింది, అది వాగు లోయ. మంచు మామూలుగా పై నుంచి గులబాఖ్ అత్త వాకిలి దాకా దిగనివ్వండి, అక్కడి నుంచి కిందికి పోనివ్వకుండా పక్కకి లాక్కెళ్ళి లోయలో పోద్దాం అంది. లోయ అంచుకి ఆనుకుని ఉన్న వాకిలి ఊళ్ళో అదొక్కటే. ఆ అంచున అడ్డంగా ఉన్నది కోళ్ళ గూడు.

అంటే ఊరి మంచంతా నా మిద్దె మీదుగా నడిచిపోవాలి. అందరూ తలెత్తి మా దూలాల వంక చూశారు. తర్వాత నా వంక చూశారు.

నాకేం అభ్యంతరం లేదన్నాను.

లుక్మాన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మకీ లేదు అత్తా. అడిగితే చాలంది."

"అడుగు మరి."

"నేను కాదు, నువ్వు. గట్టు దగ్గర నిలబడి పిలవాలట."

 హనార్ అక్రోటు కాయలు ఏరి గిన్నెలో వేసింది.

మంగళవారమే, చీకటి పడుతోంది

మోకాలు నొప్పి. మెట్లెక్కగలిగేలా లేదు.

హనార్ తన సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుంటోంది. దారి తెరవకపోతే కనుమ మీదుగా నడిచే వెళ్తుందట. అడిగితే అందరూ వద్దంటారని అడగలేదట. ఈ మొండితనం మా వంశంలో ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియదు.

బుధవారం

మోకాలి నొప్పి దానంతటదే తగ్గింది.

తెల్లారగానే వచ్చాను. రాత్రి పడిన మంచు మోకాళ్ళ దాకా ఉంది. పై వరుసల్లో ప్రతి మిద్దె మీదా జనం పారలు పట్టుకుని నిలబడి ఆకాశం చూస్తున్నారు. ఆకాశంలో చూడ్డానికేమీ లేదు. నేను గట్టు దగ్గరికి రాగానే అందరూ ఇంకా శ్రద్ధగా చూశారు.

"ఇంటివాళ్ళూ" అన్నాను.

లోపల టీ కాచే సమోవారు మూత చప్పుడైంది. 

"గులబాఖ్ ఖానుమ్."

"ఎవరది?" అన్నావు లోపల్నుంచి. ఈ ఊళ్ళో సగం మంది నా గొంతు వింటే ఇప్పటికీ చేతులు వెనక్కి దాచుకుంటారు. నీకు నేనెవరో తెలియలేదు.

"కింద ఇంటి నాజ్‌దార్‌ని."

"ఏం కావాలి?"

చలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికే. "నీ వాకిట్లోకి రానిస్తావా?"

పై మిద్దె మీద ఎవరి పారలోంచో మంచు జారి పడింది. ఆ చప్పుడు ఊరంతా వినిపించింది.

తలుపు తెరిచావు. కాళ్ళకి రబ్బరు బూట్లు, నడుముకి బిగించి కట్టిన శాలువా, చేతిలో చెక్క పార. ఎప్పుడు తయారయ్యావో దేవుడికి తెలియాలి. "రా. అక్కడ నిలబడి బిగుసుకుపోతే మళ్ళీ మోసుకెళ్ళాల్సింది మేమే" అన్నావు. నీ వెనక గదిలో చాప మీద కోళ్ళు తిరుగుతున్నాయి. వాకిలి చివరకి చూశాను. గూడు లేదు. రాళ్ళు ఒక పక్కగా పేర్చి ఉన్నాయి, లోయ తెరిచి ఉంది.

"నేను అడక్కపోయి ఉంటే?" అన్నాను.

"మళ్ళీ కట్టేదాన్ని."

అబద్ధమాడావని అనను. కట్టేదానివే.

పని మొదలుపెట్టకముందే నువ్వు మా ఇంట్లోకి దిగావు. ఎన్నేళ్ళకి దిగావో లెక్క పెట్టను. సీర్వాన్ చేత ప్రతి దూలం కిందా గుంజలు నిలబెట్టించావు, ఒకటి వంకరగా ఉందని తీయించి మళ్ళీ పెట్టించావు. నా పరుపు పక్కకి లాగించావు. తర్వాత మంచమెక్కి దూలాన్ని గోటితో గీకి, వాసన చూసి, "మల్బరీయే" అన్నావు. నాతో కాదు. సీర్వాన్‌తో, నాకు వినపడేంత గట్టిగా. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మంచు దిగడం మొదలైంది. పై వరుసలు తోసినకొద్దీ నీ వాకిలి నిండింది, నిండినకొద్దీ మనం పక్కకి లాగాం. పారలు చాలలేదు. పాత కంబళ్ళు, టార్పాలిను, మసీదు మామోస్తా ఇంటి నుంచి ఊడదీసి తెచ్చిన తలుపు, ఏది దొరికితే దాని మీద మంచు వేసి తాడు కట్టి లాగాం. ఆడవాళ్ళు ఒక చివరా మగవాళ్ళు ఇంకో చివరా. లోయ అంచుకి వచ్చాక అందరూ కలిసి ఎత్తి పోసేవాళ్ళు, కాసేపటికి ఎక్కడో కింద వాగులో ధడాలున పడేది. పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు తమకి గిట్టని వాళ్ళ పేరు చెప్పి సాగనంపేవాళ్ళు. పాత పంతుళ్ళ పేర్లన్నీ అయిపోయాయి. నా పేరు కూడా ఒకసారి వినిపించింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టాను, మూడో ఎక్కం ఇప్పటికీ రాని వాడిదే.

మా దూలాలు మాట్లాడాయి. ఒక్కటీ విరగలేదు.

కింది వరుస వాళ్ళు ఒక్క పార కూడా తమ వాకిలి నుంచి కదపకుండా, కిందికి వెళ్ళి మలుపు తవ్వారు. తరతరాలుగా ఊరి మంచంతా మోసిన మలుపు అది. దాని అడుగు కనిపించేసరికి కొందరు దాన్ని తొక్కి చూశారు, అంత విశాలంగా ఉంటుందని వాళ్ళకి తెలియదు.

పసుపు రంగు బండి కనుమ భుజం మీద కనిపించగానే ఎవరో కేక వేశారు. అందరూ ఆగిపోయారు. ప్రతి మిద్దె మీదా ప్రతి ఒక్కరూ పార నిలువుగా పట్టుకుని, కదలకుండా, బడి ఫోటోకి నిలబడినట్టు నిలబడ్డారు. ఫాయక్ బండి మలుపులోకి వచ్చి ఆగింది. అతను కిటికీలోంచి తల బయటపెట్టి పై నుంచి కింది దాకా ప్రతి వరుసనీ చూశాడు. తర్వాత బండి తిప్పుకున్నాడు. ఒక్కసారికే తిరిగింది.

టీకి మాత్రం దిగలేదు. ఇంకా నమ్మకం కుదరలేదు.

గురువారం, తిరిగి వచ్చాక

రాయాలి. చేతులు వంగడం లేదు, అయినా రాయాలి.

లుక్మాన్ వ్యాను టైర్లకి గొలుసులు వేశాడు. పొద్దున్నే మళ్ళీ వచ్చిన ఫాయక్ బండి ముందు, మేము వెనక. హనార్ పక్కన నేను, వెనక సీట్లో సాయానికి కింది వరుస వాళ్ళు. బయలుదేరే ముందు తలుపు తెరుచుకుని నువ్వెక్కావు. ఒడిలో పార, సంచిలో వేడి కలానే రొట్టెలు. నీ దగ్గర ఉన్న పార ఊళ్ళోకెల్లా మంచిదనీ, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేవనీ, అందుకే వస్తున్నాననీ లుక్మాన్‌కి చెప్పావు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. రొట్టె ఇచ్చావు. తీసుకున్నాను.

కనుమ దాకా బాగానే జరిగింది. దాటి దిగువకి తిరిగాక గాలి లేచింది. ఫాయక్ బండి ముందు మలుపులు దిగిపోయింది, దాని వెనకే గాలి మంచు తెచ్చి దారి పూడ్చేసింది. వ్యాను ముక్కు దాకా దిగబడింది. అందరం దిగాం. హనార్‌ని దిగనివ్వలేదు. ఉన్న ఒక్క మంచి కోటు అది.

తవ్వాం. మన ఊరి వాళ్ళకి పార పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. నువ్వు ఒక పక్కా నేను ఒక పక్కా. నీ పార అంచు వంకర అన్నాను, నా నడుం వంకర అన్నావు. చెమటలు పట్టాయి. దారి తెరుచుకుంది. అందరం ఒకరినొకరు మెచ్చుకుంటూ ఎక్కాం. వ్యాను మలుపు తిరిగి, కొండ చుట్టూ కిందికి వచ్చి, ఆగింది.

ముందు మంచు గోడ. పైన మనం తవ్విన మంచే. పుట్టినప్పటి నుంచీ అలవాటు కదా, ఎవరం ఒక్క క్షణం ఆలోచించలేదు. మంచు అంటే కిందికి తోయాలి. తోశాం. ఈ రోడ్డు పాములా చుట్టుకుంటూ దిగుతుందనీ, కింద ఉన్నది కూడా మన రోడ్డేననీ ఎవరికీ తట్టలేదు.

 నవ్వు నువ్వే మొదలుపెట్టావు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత పార కింద పడింది.

"ఎవరి మంచు మామోస్తా ఇది?" అన్నావు.

"పైవాళ్ళది" అన్నాను.

"పైవాళ్ళు చచ్చిపోను. ఒక్కసారైనా కింద ఎవరున్నారో చూసుకోరు."

లుక్మాన్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాడు. వెనక సీట్లోని కింది వరుస వాళ్ళు నవ్వలేదు. వాళ్ళు మన ఇద్దరి వంకా చూస్తున్న చూపు నాకు నచ్చలేదు. ఏళ్ళుగా వాళ్ళు ఆ చూపు దాచుకున్నారని ఇవాళే తెలిసింది.

దిగి మళ్ళీ తవ్వాం. ఈసారి కొండ వైపుకి, మన మీదకే, ఎత్తి పోశాం. అలా పోయడం ఎంత కష్టమో ఇన్నేళ్ళలో మనకి తెలిసే అవసరం రాలేదు. ఫాయక్ మనం రావడం లేదని వెనక్కి తిరిగొచ్చి, దూరం నుంచే అద్దంలోంచి చూసి, బండి దిగి అడిగాడు, ఆ గోడ ఎక్కడి నుంచి వచ్చిందని.  గాలికి పడి ఉంటుందని నువ్వన్నావు. అతను పైకి చూశాడు, మన పారల వంక చూశాడు. బండి స్టార్ట్ చేసి మిగతాది ఒక్క తోపులో తోసేశాడు. ఈ సంగతి పట్నంలో ప్రతి టీ కొట్టులోనూ చెప్తాడు. చెప్పనీ.

పట్నంలో ఆఫీసు చేరి, హనార్ తన పేరు పిలుస్తుండగానే లోపలికి వెళ్ళింది. నువ్వూ నేనూ బయట బెంచీ మీద, పారతో సహా. అక్కడి గుమాస్తా పార గేటు బయట పెట్టమన్నాడు. నువ్వు దాన్ని ఒళ్ళోకి లాక్కున్నావు.

లోపల జరిగింది హనార్ వ్యానులో చెప్పింది. పాఠాలు అడిగారు, చెప్పింది. చివర్లో ఒకాయన కళ్ళజోడు తీసి అడిగాడట, ఇంత మంచులో ఆ ఊరికి చలికాలమంతా ఎలా వెళ్ళొస్తావమ్మా అని.

"వెళ్ళను సార్. నేను అక్కడే ఉంటాను. ఇక్కడికి రావడమే కష్టమైంది" అందట.

వాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారట. బయట నువ్వు బెంచీ మీద బూట్లు విప్పి మంచు దులుపుకుంటున్నావు.

శనివారం

ఫోను రాలేదు. నాకేం కంగారు లేదు.

ఆదివారం

రాలేదు. మిద్దె కింద గుంజలు తీయించాను. మళ్ళీ పెట్టించాను. ఇంకా మంచు పడుతుంది కదా అని.

సోమవారం

మీ వాకిట్లో లోయ అంచున గూడు రాళ్ళు పేర్చిన చోటే ఫోను సిగ్నలు బాగా అందుతుందని హనార్ కనిపెట్టింది. పొద్దున్నుంచీ అక్కడే నిలబడింది. నేను తోడు రావాల్సి వచ్చింది. గట్టు దగ్గర ఆగి పిలిచాను. "ఎన్నిసార్లు పిలుస్తావే, చెవులు పోతున్నాయి, రా" అన్నావు. అందరికీ వినపడేలా, నాతోనే.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. హనార్ "ఔను సార్" అంది. మళ్ళీ "ఔను సార్" అంది. తర్వాత నా వంక చూసి తల ఊపింది. ఆ పిల్ల బడిలో మొదటిసారి పలక మీద తన పేరు తప్పు లేకుండా రాసినప్పుడు కూడా అలాగే చూసింది. అప్పుడు నేను బాగుంది అన్నాను. ఇప్పుడు ఏమన్నానో గుర్తు లేదు. గులబాఖ్, నువ్వు గుర్తుంచుకుని ఉంటే ఎవరికీ చెప్పొద్దు.

శనివారం నుంచి బడి. ఆమే టీచరు. హాస్టలు లేదు.

నువ్వు పై వరుసకి తలెత్తి కేక వేయబోయావు. లుక్మాన్ ఆపాడు. ముందు కిందికి చెప్పమ్మా అన్నాడు. నువ్వు గట్టు మీద నిలబడి కిందికి అరిచావు. మా కింది ఇల్లు తన కింది ఇంటికి అరిచింది. కబురు మంచులాగే వరుస వరుసకీ దిగింది, కాకపోతే ఎవరూ తగువుకి రాలేదు. రోడ్డు మలుపులో ఎవరో డఫ్ తెచ్చి వాయించడం మొదలుపెట్టారు. అప్పుడు పై వరుసలు మాకు చెప్పరేమని గొడవ పెట్టాయి. పైవాళ్ళకి ఆఖరున తెలిసిన కబురు ఈ ఊళ్ళో ఇదే మొదటిది.

మసీదు మామోస్తా తలుపు లేని ఇంట్లో చలికి వణుకుతున్నానని, ఇక తన తలుపు ఇచ్చేయమని వచ్చాడు. డఫ్ చప్పుడు విని ఆ మాట మరిచిపోయి చేతులు కలిపి గుండ్రంగా తిరిగే వరసలో నిలబడ్డాడు. ఇద్దరు మామోస్తాలం కాదిక, హనార్‌తో కలిపి ముగ్గురం.

ఈ సంవత్సరం నేను ఆ వరసలో నిలబడలేదు. మోకాలు. నువ్వు లాగితే రెండు చుట్లు తిరిగాను, అంతే.

మంగళవారం

రేపు పొద్దున నీకు చెప్పాల్సింది మరిచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

హనార్, నేను బడి తలుపు తెరిచి చూశాం. ఎలుకలు తినని పుస్తకాలు ఉన్నాయి. పొయ్యి బాగానే ఉంది, కానీ పొగగొట్టం గోడలోకి తిరిగే వంపు దగ్గర తుప్పు పట్టి చిల్లు పడింది. ఆ పొగలో పిల్లలు కూర్చోలేరు. లుక్మాన్ రేపు పట్నం వెళ్తున్నాడన్నావు కదా. రేకు పనివాడి దగ్గర వంపు ముక్క ఒకటి తెమ్మను. కొలతకి పాత ముక్క ఊడదీసి గోనెగుడ్డలో చుట్టి మీ మెట్ల పక్కన పెట్టాను. మసి ఉంది, సీటు మీద పెట్టొద్దను. పల్చటి రేకు అంటగట్టబోతాడు, బొటనవేలితో నొక్కి చూసి, లోపలికి పోతే వద్దనమను. బిగించడానికి కాస్త ఇనుప తీగ కూడా కావాలి. శుక్రవారం లోపు తేవాలి.